చిన్న పరిశ్రమకు సోలార్ రుణం: సీమ యజమాని ఫైలు సిద్ధం చేసుకునే పద్ధతి

తాడిపత్రిలో నాపరాయి పాలిష్ చేసే యూనిట్‌కు గాని, రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డుకు గాని, ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుకు గాని సోలార్ పెట్టించుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు యజమాని మొదట అడిగే మాట "వడ్డీ ఎంత?" అన్నదే. చాలా ఏళ్ళుగా ఇటువంటి యూనిట్లకు ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెడుతున్నవాడిగా చెబుతున్నాను, ఆ ప్రశ్న అడగకూడనిది కాదు గాని మొదట అడగవలసినది మాత్రం కాదు. మొదట అడగవలసింది "ఎన్నేళ్ళకు ఇస్తారు?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా ఎంతో కింద లెక్కవేసి చూపిస్తాను. ఆ లెక్క అర్థమైతే ఫైలులో ఏం ఉండాలో, బ్యాంకులో ఏం మాట్లాడాలో చాలావరకు తేలిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా కర్నూలు, అనంతపురం, కడప పాత జిల్లాల పరిధిలోని సూక్ష్మ, చిన్న పరిశ్రమల గురించి. ఇంటి మీద పెట్టుకునే సోలార్‌కు 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం, అందులో గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ వేరే సంగతి. అది నివాస గృహాలకే గాని ఫ్యాక్టరీ షెడ్డుకు వర్తించదు. ఈ సబ్సిడీ తమకూ వస్తుందనుకొని బ్యాంకుకు వెళ్ళి నిరాశతో తిరిగివచ్చిన యజమానులను నేను చూశాను. అలాగే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వంటి పెద్ద ప్రాజెక్టుల నిధుల వ్యవహారం కూడా మన లెక్కలోకి రాదు. ఎండ విషయంలో సీమవారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తెలుసుకోవలసింది డబ్బు నడిచే దారి.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

మామూలు బ్యాంకు ప్రజల డిపాజిట్లతో నడుస్తుంది. ఆ డిపాజిట్లు ఏడాదికో మూడేళ్ళకో తిరిగి ఇవ్వవలసినవి కనుక, వాటిని పదేళ్ళ అప్పుగా ఇవ్వడానికి బ్యాంకు సహజంగానే జంకుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికే అభివృద్ధి బ్యాంకులు ఏర్పడ్డాయి. మన దేశంలో చిన్న పరిశ్రమల కోసం 1990 ఏప్రిల్ 2న లక్నో కేంద్రంగా సిడ్బీ, వ్యవసాయ, గ్రామీణ రంగాల కోసం 1982 జూలై 12న నాబార్డ్ మొదలయ్యాయి. పునరుత్పాదక ఇంధనం కోసమే 1987లో ఇరెడా అనే ప్రభుత్వరంగ ఆర్థిక సంస్థ పుట్టింది. ఇవి కొంత నేరుగా అప్పు ఇస్తాయి. కాని చిన్న యజమాని వరకు వచ్చేసరికి ఎక్కువ డబ్బు ఊళ్ళోని బ్యాంకు శాఖ చేతిమీదుగానే వస్తుంది. శాఖ ఇచ్చిన అప్పుకు పైసంస్థ తిరిగి నిధులు సమకూర్చే పద్ధతిని రీఫైనాన్స్ అంటారు. అంతర్జాతీయ సంస్థలు ఇచ్చేదీ ఈ దారిలోనే వస్తుంది: పైకప్పు సోలార్ రుణాల కోసం ప్రపంచ బ్యాంకు 2016లో 62.5 కోట్ల డాలర్ల కార్యక్రమానికి ఆమోదం ఇచ్చినప్పుడు ఆ డబ్బు భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారానే పరిశ్రమలకు చేరే ఏర్పాటు జరిగింది.

ఈ ఏర్పాటు అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది దీవుల్లో. తెలుగువారు తరాల కిందట వలసవెళ్ళిన మారిషస్‌లో 1964లో, ఫిజీలో 1967లో అభివృద్ధి బ్యాంకులు ఏర్పడ్డాయి. కరీబియన్ దేశాలు కొన్ని కలిసి పెట్టుకున్న అభివృద్ధి బ్యాంకు 1970 నుంచి బార్బడోస్ కేంద్రంగా పనిచేస్తోంది. దీవిలో జనాభా తక్కువ, డిపాజిట్లు తక్కువ. చాలా దీవులు డీజిలును ఓడల్లో తెచ్చుకొని కరెంటు పుట్టిస్తాయి కనుక యూనిట్ ధర ఎక్కువ. పైగా ఒక్క తుఫాను వస్తే బ్యాంకులోని అప్పులన్నీ ఒకేసారి ప్రమాదంలో పడతాయి. అటువంటి చోట ఒక చిన్న హోటలుకో చేపల శీతల గిడ్డంగికో పదేళ్ళ అప్పు కావాలంటే బయటి పెద్ద సంస్థ దీర్ఘకాలపు నిధిని స్థానిక అభివృద్ధి బ్యాంకుకు ఇస్తుంది, ఆ బ్యాంకు తనకు తెలిసిన యజమానికి ఇస్తుంది. ఫిజీ అభివృద్ధి బ్యాంకు ఒవలావు దీవిలో సౌరఫలకాల కింద పంటలు పండించే ప్రాజెక్టుకు 2020లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద ఏర్పడిన హరిత వాతావరణ నిధి నుంచి ఆమోదం పొందింది ఈ మార్గంలోనే. మన సిడ్బీ, నాబార్డ్ కూడా అదే నిధి దగ్గర గుర్తింపు పొందిన సంస్థలు. సీమ చుట్టూ సముద్రం లేకపోయినా, బయటి నిధి స్థానిక శాఖ గుమ్మం దాటి రావలసిందే కనుక మన యజమాని పరిస్థితీ దీవిలోని యజమాని పరిస్థితికి దూరమేమీ కాదు. కాబట్టి పైసంస్థ పేరు చెప్పి అప్పు అడగడం వల్ల ప్రయోజనం లేదు. మీ ఖాతా ఉన్న శాఖ మేనేజరు ఒప్పుకొనేలా ఫైలు ఉండాలి. ఆ అప్పును తరువాత ఏ నిధికి జమకట్టుకోవాలో బ్యాంకే చూసుకుంటుంది.

గ్రామీణ బ్యాంకులో ఖాతా ఉన్నవారికి ఒక సూచన. కడప కేంద్రంగా ఉండిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగిలిన మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత శాంక్షన్ (అప్పు మంజూరు) పత్రాలు, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు ఫైలులో జతచేసేటప్పుడు కొత్త పేరుతో సరిపోయేట్లు సరిచూసుకోవాలి.

ముందుగా కరెంటు బిల్లు చదవాలి

కొటేషన్ తెప్పించుకోవడానికి ముందే గత 24 నెలల కరెంటు బిల్లులు ఒకచోట పెట్టుకోవాలి. మన జిల్లాల్లో బిల్లు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్. బిల్లులో ఎనర్జీ ఛార్జీ వేరు, ఫిక్స్‌డ్ లేదా డిమాండ్ ఛార్జీ వేరు, సర్దుబాటు ఛార్జీలు వేరు, విద్యుత్ సుంకం వేరు. సోలార్ పెట్టినందువల్ల ప్రధానంగా తగ్గేది యూనిట్లను బట్టి పడే భాగమే. విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం (కాంట్రాక్టు లోడు) మీద పడే ఛార్జీ పైకప్పు మీద ఎన్ని ఫలకాలు పెట్టినా అలాగే ఉంటుంది. నేను రాసిన తొలి ఫైళ్ళలో ఒకటి బ్యాంకునుంచి తిరిగివచ్చింది ఈ పొరపాటువల్లనే. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి యూనిట్‌కు 9 రూపాయలు ఆదా అని రాశాను. మేనేజరు ఆ బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ తీసేసి మళ్ళీ భాగిస్తే 7 రూపాయలు కూడా దాటలేదు. ఆయన కోప్పడలేదు గాని, మిగిలిన అంకెలన్నిటినీ ఆ తరువాత అనుమానంతోనే చూశాడు, అందులో తప్పూ లేదు.

బిల్లుల్లో రెండో విషయం నెలవారీ ఎగుడుదిగుళ్ళు. జిన్నింగ్ మిల్లు పత్తి వచ్చే నెలల్లోనే జోరుగా నడుస్తుంది; మిగిలిన కాలంలో మీటరు దాదాపు కదలదు. పాలిషింగ్ యూనిట్ ఏడాది పొడుగునా పగటిపూట నడుస్తుంది. పగలు నడిచే యంత్రానికి పగలు పుట్టే కరెంటు సరిగ్గా సరిపోతుంది కనుక బ్యాంకు దృష్టిలో రెండోవాడి ఫైలు బలమైనది. మొదటివాడు నెట్ మీటరింగ్ మీద, అంటే మిగిలిన యూనిట్లను గ్రిడ్‌కు పంపి లెక్కలో సర్దుకోవడం మీద ఆధారపడాలి. ఆ సర్దుబాటు నిబంధనలు, ధరలు విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులతో మారుతుంటాయి. అందువల్ల గ్రిడ్‌కు పంపే యూనిట్లకు పూర్తి ధర కట్టి ఆదా చూపకుండా, యంత్రాలు స్వయంగా వాడుకునే యూనిట్ల మేరకే సామర్థ్యాన్ని నిర్ణయించుకోవడం నా సలహా. సామర్థ్యం సాధారణంగా మీ కాంట్రాక్టు లోడును మించకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కరెంటు పోయినప్పుడు సోలార్‌తో మిషన్లు నడుస్తాయని ఆశపడేవారు చాలామంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ షెడ్డు నుంచి షాకు కొట్టకుండా ఫలకాల కరెంటును మిషన్లు వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌లోనే ఆ ఏర్పాటు ఉంటుంది. గ్రిడ్‌నుంచి తెగిపోయి తనంతట తాను నడిచే భాగాన్ని ఇంజనీర్లు దీవి అనే అర్థంలో ఐలాండ్ అంటారు, అలా జరగనివ్వకపోవడమే ఈ ఏర్పాటు పని. కాబట్టి డీజిల్ జనరేటరు ఖర్చు పూర్తిగా పోతుందని రిపోర్టులో రాయకూడదు. సాంకేతికం తెలిసిన అధికారి ఆ ఒక్క వాక్యం చూసి ఫైలు పక్కన పెడతాడు.

లెక్క

తాడిపత్రి దగ్గరి ఒక పాలిషింగ్ యూనిట్‌కు 50 కిలోవాట్ల సోలార్ పెడుతున్నామనుకుందాం. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి కనుక 5,000 చదరపు అడుగులు అవసరం. కిలోవాట్‌కు ఏడాదికి 1,450 యూనిట్ల చొప్పున 72,500 యూనిట్లు వస్తాయని పెట్టుకుందాం. సెలవులు, మరమ్మతు రోజులు, రాతిదుమ్ము తీసేసి 90 శాతం, అంటే 65,250 యూనిట్లు మనకు పనికివస్తాయని, బిల్లులో తగ్గే ధర యూనిట్‌కు 7 రూపాయలని అనుకుంటే ఏడాది ఆదా 4,56,750 రూపాయలు. ఫలకాలు కడగడానికి, నిర్వహణకు 25,000 తీసేస్తే 4,31,750 మిగులుతుంది. కిలోవాట్‌కు 50,000 చొప్పున మొత్తం ఖర్చు 25 లక్షలు అనుకుందాం. యజమాని వాటా 25 శాతం పోను 18.75 లక్షలు అప్పు. ఈ ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి. మీ బిల్లు, మీ కొటేషన్ అంకెలు వేసి మళ్ళీ చేసుకోవాలి.

ఇప్పుడు 10 శాతం వడ్డీకి ఇదే అప్పును మూడు గడువులకు చూడండి. 5 ఏళ్ళకైతే నెల వాయిదా సుమారు 39,800 రూపాయలు, ఏడాదికి 4.78 లక్షలు. సోలార్ ఆదా 4.32 లక్షలే కనుక ప్రతి ఏడాదీ 46,000 దాకా యజమాని తన జేబునుంచి వేసుకోవాలి. 7 ఏళ్ళకైతే వాయిదా 31,100, ఏడాదికి 3.74 లక్షలు, వాయిదా కట్టాక 58,000 మిగులుతుంది. 10 ఏళ్ళకైతే వాయిదా 24,800, ఏడాదికి 2.97 లక్షలు.

వడ్డీ సంగతి దీని పక్కన పెట్టి చూడండి. 7 ఏళ్ళ అప్పుమీద అర శాతం వడ్డీ తగ్గించుకుంటే నెలకు మిగిలేది 480 రూపాయలు మాత్రమే. రెండు శాతం తగ్గినా 1,900 రూపాయలే. గడువు 5 నుంచి 7 ఏళ్ళకు జరిగితే నెలకు 8,700 రూపాయల ఊపిరి దొరుకుతుంది. గడువు పెరిగితే మొత్తం మీద కట్టే వడ్డీ పెరుగుతుందన్న మాట నిజమే, పై ఉదాహరణలో 5 ఏళ్ళకు, 7 ఏళ్ళకు మధ్య ఆ తేడా 2.24 లక్షల దాకా ఉంటుంది. అయినా కరువు సంవత్సరంలో, అమ్మకం పడిపోయిన సంవత్సరంలో యూనిట్‌ను నిలబెట్టేది నెల వాయిదా చిన్నదిగా ఉండడమే. మంచి సంవత్సరం వచ్చినప్పుడు ముందుగా కట్టేస్తే ఆ అదనపు వడ్డీ కూడా తగ్గిపోతుంది.

ఇంకొక అంకె ఉంది. అప్పు తీర్చే శక్తిని కొలిచే నిష్పత్తిని బ్యాంకర్లు డీఎస్‌సీఆర్ అంటారు; ఏడాదిలో చేతికి మిగిలే నగదును ఏడాదిలో కట్టవలసిన అసలు, వడ్డీతో భాగిస్తే వస్తుంది. పై ఉదాహరణలో 7 ఏళ్ళ గడువుకు సోలార్ ఒక్కదాని నిష్పత్తి 1.16 మాత్రమే. బ్యాంకులు సగటున 1.5 వరకు కోరుకుంటాయి. అంటే సోలార్ తనను తాను పోషించుకుంటుందని చూపించి ఊరుకుంటే చాలదు. యూనిట్ మొత్తం లాభానికి తరుగుదలను (యంత్రాల విలువ తగ్గిందని పుస్తకాల్లో రాసే, చేతినుంచి పోని ఖర్చును) కలిపి, ఇప్పటికే ఉన్న అప్పుల వాయిదాలు తీసేసి, వ్యాపారమంతటికీ నిష్పత్తి వేసి చూపాలి. హరిత ప్రాజెక్టు అన్న పేరువల్ల అప్పు మంజూరు కాదు, వ్యాపారం బాగుంటే అవుతుంది.

ఆదాయపు పన్ను లెక్కలో సోలార్ యంత్రాలకు 40 శాతం తరుగుదల చూపుకోవచ్చు, కాని లాభం ఉండి పన్ను కడుతున్నవారికే దానివల్ల డబ్బు మిగులుతుంది. నష్టాల్లో ఉన్న యూనిట్ రిపోర్టులో దాన్ని ఆదాగా చూపించడం అర్థం లేని పని.

రాయితీలు, హామీ

వడ్డీ రాయితీ పథకాలు వస్తూ పోతూ ఉంటాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమల హరిత పెట్టుబడులకు 2 కోట్ల వరకు టర్మ్ లోన్ (గడువు పెట్టి వాయిదాల్లో తీర్చే అప్పు) మీద 2 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే పథకం సిడ్బీ నిర్వహణలో వచ్చింది. ఇంధన పొదుపు యంత్రాలకు 2025 జూలైలో కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో ప్రారంభించిన అదితి పథకం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం, మధ్యతరహాకు 3 శాతం రాయితీ చెప్పింది. అది ఎంపిక చేసిన రంగాలకూ క్లస్టర్లకూ పరిమితం. ఇవి గడువు గల పథకాలు కనుక దరఖాస్తు చేసే రోజున మీ రంగానికి అమలులో ఉన్నాయేమో శాఖలో అడిగి తెలుసుకోవాలి. ఒక జాగ్రత్త: రాయితీ సాధారణంగా వెనుకనుంచి వస్తుంది. మొదట పూర్తి వడ్డీ కట్టగలిగేట్లుగానే లెక్క వేసుకోండి, రాయితీ వచ్చినప్పుడు వచ్చినట్లు.

ఆస్తి తాకట్టు లేనివారికి సీజీటీఎంఎస్ఈ అనే హామీ నిధి ఉంది. కేంద్ర ప్రభుత్వం, సిడ్బీ కలిసి 2000లో పెట్టిన ఈ నిధి హామీ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు అయింది. దీన్ని గురించి సీమలో ఒక అపోహ గట్టిగా ఉంది, అప్పు కట్టకపోతే ప్రభుత్వం కడుతుందని. ఆ హామీ బ్యాంకుకు, మీకు కాదు. మీరు ఎగవేస్తే బ్యాంకు నష్టంలో కొంత భాగాన్ని నిధి భరిస్తుంది. మీ మీద వసూలు చర్య అలాగే సాగుతుంది, మీ సిబిల్ చరిత్ర (అప్పులు తీర్చిన తీరు నమోదయ్యే రికార్డు) అలాగే పాడవుతుంది. ఆ హామీకి ఏటా ఫీజు కూడా ఉంటుంది, దాన్ని లెక్కలో రాసుకోవాలి. తాకట్టు పెట్టగలిగిన ఆస్తి ఉన్నవాడు ఆ ఫీజు ఎంతో, తాకట్టు ఖర్చు ఎంతో రెండూ పోల్చి చూసుకుని నిర్ణయించుకోవాలి.

పునరుత్పాదక ఇంధనానికి ఇచ్చే అప్పు 35 కోట్ల వరకు ప్రాధాన్య రంగ రుణంగా, అంటే బ్యాంకులు తమ అప్పుల్లో కొంత భాగం తప్పక ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పిన రంగాల రుణంగా లెక్కకు వస్తుంది. శాఖకు ఆ లక్ష్యం ఉంటుంది కనుక మేనేజరుకూ మీ ఫైలు అవసరమే. మొహమాటపడుతూ, చేతులు నలుపుకుంటూ కూర్చోనక్కరలేదు.

ఫైలులో ఉండవలసినవి

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మొదట చూస్తారు. ఇది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఆధార్, పాన్‌లతో ఉచితంగా చేసే నమోదు. దీనికి వెయ్యి రెండు వేలు తీసుకునే మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళవద్దు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనిది సూక్ష్మ పరిశ్రమ. 25 కోట్లు, 100 కోట్లు దాటనిది చిన్న పరిశ్రమ. పాత పరిమితుల ప్రకారం చిన్నదిగా నమోదైన యూనిట్ ఇప్పుడు సూక్ష్మం కావచ్చు, దానివల్ల కొన్ని రాయితీలు పెరగవచ్చు కనుక సర్టిఫికెట్‌లోని వర్గాన్ని ఒకసారి చూసుకోండి.

దానితోపాటు మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్‌టీ రిటర్నులు, 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ముందు చెప్పిన కరెంటు బిల్లులు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, స్థలం పత్రాలు పెట్టాలి. ఫైళ్ళు ఎక్కువగా చిక్కుపడేది స్థలం పత్రాల దగ్గరే. షెడ్డు తండ్రి పేరున ఉండి, కరెంటు మీటరు అన్న పేరున ఉండి, జీఎస్‌టీ తమ్ముడి పేరున ఉన్న యూనిట్లు మన ప్రాంతంలో లెక్కలేనన్ని. కుటుంబంలో ఎవరికీ అభ్యంతరం లేకపోవచ్చు, కాని బ్యాంకుకు ఒక్క పేరు కావాలి; మీటరు పేరు మార్పు కోసం విద్యుత్ శాఖలో దరఖాస్తు ముందే పెట్టుకుంటే రెండు మూడు నెలలు కలిసివస్తాయి. అద్దె షెడ్డయితే లీజు గడువు అప్పు గడువుకంటె ఎక్కువ ఉండాలి, లీజు రిజిస్టరు అయి ఉండాలి, పైకప్పు మీద ఫలకాలు బిగించడానికి యజమాని ఒప్పుకొన్నట్లు అందులో రాసి ఉండాలి.

కొటేషన్లు కనీసం రెండు తెచ్చుకోవాలి. వాటిలో ఫలకం కంపెనీ, మోడల్, ఇన్వర్టర్ కంపెనీ, వారంటీ, ఇనుప చట్రం వివరం విడివిడిగా ఉండాలి. ఫలకాలకు 25 ఏళ్ళ ఉత్పత్తి వారంటీ అన్నది అందరూ చెప్పేదే. ముందుగా చెడేది ఇన్వర్టర్ కనుక దాని వారంటీ అప్పు గడువుకు దగ్గరగా ఉందో లేదో చూడండి. సోలార్ సామగ్రి మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో వేసిన కొటేషన్‌ను తిప్పి పంపండి.

పైకప్పు రేకుల సంగతి తప్పనిసరిగా రాయించుకోవాలి. పాత సిమెంటు రేకుల షెడ్డు మీద ఫలకాల బరువు, గాలి తాకిడి రెండూ పడితే నిలవదు. ఇంజనీరు చేత చట్రం బలం గురించి ధ్రువపత్రం తీసుకోవాలి, లేదా ఖాళీ స్థలంలో నేలమీద బిగించే ఖర్చు కలుపుకోవాలి. పాలిషింగ్ యూనిట్లకు మరొక తలనొప్పి రాతిదుమ్ము. ఫలకం మీద తడిసి ఆరిన రాతిపొడి గట్టిగా పట్టుకుంటుంది, మన బోరు నీళ్ళ ఉప్పు దానికి తోడైతే తెల్లటి మరకలు పడి ఉత్పత్తి తగ్గుతుంది. కటింగ్ మిషన్లకు గాలివాలుగా ఫలకాలు పెట్టకపోవడం, కడగడానికి మెత్తని నీరు ఏర్పాటు చేసుకోవడం ముందే ఆలోచించాలి. నీటిని తేర్చి మళ్ళీ వాడే తొట్లకు కూడా అదే అప్పులో కొంత అడగవచ్చు, అప్పుడు ఆదా చూపవలసింది కరెంటు బిల్లుతో కాదు, ట్యాంకర్లకు ఇచ్చిన డబ్బు రసీదులతో.

శాఖలో, ఆ తరువాత

దరఖాస్తును కాగితం మీద ఇచ్చినా, సిడ్బీ నడిపే ఉద్యమిమిత్ర పోర్టల్ వంటి దారిలో పంపినా, అందినట్లు తేదీతో రసీదు తీసుకోండి. మేనేజరు ముందు కూర్చున్నప్పుడు పర్యావరణం గురించి ప్రసంగం అక్కరలేదు. ఒక్క పేజీలో నెలవారీ యూనిట్లు, తగ్గే ధర, ఏడాది ఆదా, కోరుతున్న గడువు, ఆ గడువుకు వచ్చే నిష్పత్తి చూపండి. గడువు తగ్గించి 5 ఏళ్ళకు ఇస్తామంటే పై లెక్క అక్కడే చూపించి, 7 ఏళ్ళకైతే వాయిదా ఆదాలోంచే వస్తుందని, 5 ఏళ్ళకైతే రోజువారీ వ్యాపారానికి కావలసిన డబ్బును (వర్కింగ్ క్యాపిటల్‌ను) తినేస్తుందని చెప్పండి. ఎగవేత భయం బ్యాంకుకూ ఉంటుంది కనుక ఆ మాట వారికి సులువుగా అర్థమవుతుంది. ఫలకాలు బిగించి నెట్ మీటరు పడేవరకు ఆదా మొదలుకాదు కనుక వాయిదాలు మొదలయ్యేముందు మూడు నుంచి ఆరు నెలల విరామం (మారటోరియం) అడగడం న్యాయమే.

జిల్లాలో ఏ శాఖా స్పందించకపోతే జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరును, జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని కలవవచ్చు. ఈ రెండు చోట్లకూ ఫిర్యాదుగా కాకుండా, రసీదు నకలు పట్టుకొని సహాయం కోరుతూ వెళ్ళడమే మేలని నా అనుభవం.

శాంక్షన్ లెటర్ వచ్చాక సంతోషంతో సంతకం పెట్టేయకండి. వడ్డీ స్థిరమా, మారేదా, ఏ రేటుకు ముడిపడి ఉంది, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, బీమా ఎవరిది, ముందుగా కడితే ఛార్జీ ఉందా అన్నవి చదవాలి. 2026 జనవరి 1 నుంచి మంజూరైన, మారే వడ్డీ గల వ్యాపార రుణాల మీద వాణిజ్య బ్యాంకులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుంచి ముందస్తు చెల్లింపు ఛార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఎక్కువ గడువుకు తీసుకొని వీలైనప్పుడు ముందే తీర్చుకొనే దారిని సుగమం చేసేది ఈ నిబంధనే కనుక లెటర్‌లో దానికి విరుద్ధమైన వాక్యం ఉంటే తీయించండి.

డబ్బు విడుదల సరఫరాదారుడి ఖాతాకే నేరుగా వెళుతుంది. మొత్తం ఒకేసారి పంపమని సరఫరాదారు ఒత్తిడి చేస్తాడు, ఒప్పుకోవద్దు. నాకు తెలిసిన ఒక యజమాని 90 శాతం ముందే పంపించి, ఇన్వర్టర్ కోసం నాలుగు నెలలు ఎదురుచూశాడు. ఆ నాలుగు నెలలూ వడ్డీ మాత్రం ఆగలేదు. సామాను చేరినప్పుడు కొంత, బిగింపు పూర్తయినప్పుడు కొంత, నెట్ మీటరు పడి మొదటి బిల్లు వచ్చాక చివరి 10 శాతం అన్న క్రమం కొటేషన్‌లోనే రాయించి, అదే క్రమం బ్యాంకుకు కూడా ఇవ్వాలి.

మీటరు పడిన రోజునుంచి ఇన్వర్టర్ చూపే యూనిట్లను ప్రతి నెల ఒకటో తేదీన ఒక పుస్తకంలో రాసుకోండి, పక్కనే కరెంటు బిల్లులోని యూనిట్లు. రెండు మూడు నెలలు వరుసగా అంచనాకంటె పది శాతం తక్కువ వస్తే ముందు ఫలకాలు కడిగించండి, అప్పటికీ పెరగకపోతే సరఫరాదారుకు రాతపూర్వకంగా తెలపండి. వారంటీ కింద వాదించడానికి ఆ పుస్తకమే సాక్ష్యం. రేపు మోటార్లు మార్చుకోవడానికి రెండో అప్పు అడగడానికి వెళ్ళినప్పుడు మేనేజరు ముందు పెట్టవలసిందీ ఆ పుస్తకమే.